గీత దాటని పైలట్లు: ఈస్టర్న్ సమ్మె, 1989 (రెక్కల వెనుక చేతులు – 6వ భాగం)

1989 మార్చి 4, శనివారం. అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషం గడవగానే అమెరికాలోని ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్‌లో 8,500 మంది మెకానిక్కులు, సామాను ఎత్తేవాళ్లు, ర్యాంపు పనివాళ్లు సమ్మెకు దిగారు. యాజమాన్యానికి ఇది పిడుగుపాటేమీ కాదు. నెల రోజులుగా ఆ తేదీ అందరికీ తెలుసు. మెకానిక్కుల చోట ఎవరిని పెట్టాలో కంపెనీ ముందే ఏర్పాట్లు చేసుకుంది. వాళ్లు లేకపోయినా కొంతకాలం నెట్టుకురావచ్చని దాని లెక్క. ఆ లెక్కలో తేలనిది ఒక్కటే. తెల్లవారితే మయామీలో, అట్లాంటాలో, న్యూయార్క్‌లో డ్యూటీ ఎక్కాల్సిన 3,600 మంది పైలట్లు, గేటు దగ్గర ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డ మెకానిక్కులను దాటుకుని లోపలికి వెళ్తారా, వెనుదిరుగుతారా?

గత భాగంలో కాంటినెంటల్ కథ చూశాం. 1983 ఆగస్టులో అక్కడి మెకానిక్కులు సమ్మె చేస్తే, పైలట్లూ ఫ్లైట్ అటెండెంట్లూ వాళ్ల పక్కనుంచే నడిచి వెళ్లి విమానాలు నడిపారు. ఆ సెప్టెంబరు 24న యజమాని ఫ్రాంక్ లోరెంజో కంపెనీని దివాలా కోర్టుకు తీసుకెళ్లాడు. కార్మిక ఒప్పందాలన్నీ పక్కన పడేసి, 12,000 మందిని ఇంటికి పంపి, వారిలో నాలుగు వేల మందిని దాదాపు సగం జీతానికి మళ్లీ పిలిచాడు. అక్టోబరు 1న పైలట్లు, అటెండెంట్లు సమ్మెకు దిగేసరికి చేతులు కాలిపోయాయి. దానికి రెండేళ్ల ముందు, 1981లో, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మెను రీగన్ ప్రభుత్వం అణచివేసి 11,000 మందికి పైగా ఉద్యోగాలు ఊడగొట్టినప్పుడూ మిగతా సంఘాలు తమ పని తాము చేసుకుపోయాయి. కాంటినెంటల్ సమ్మె జరిగిన ఆరేళ్లకు అదే లోరెంజో, మరో కంపెనీలో, అవే మూడు సంఘాల తరహా మనుషుల ఎదుట నిలబడ్డాడు.

పాత కక్షలు

ఈస్టర్న్ అమెరికాలోని పెద్ద విమాన సంస్థల్లో ఒకటి. మొదటి ప్రపంచయుద్ధపు వైమానిక వీరుడు ఎడ్డీ రికెన్‌బ్యాకర్ దాన్ని దశాబ్దాల పాటు నడిపాడు. 1975 తర్వాత పగ్గాలు ఫ్రాంక్ బోర్మన్ చేతికి వచ్చాయి. 1968లో అపోలో 8లో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన వ్యోమగామి ఆయనే. వీరులు నడిపిన కంపెనీ గనుక క్రమశిక్షణ, విధేయత అనే మాటలు అక్కడ గట్టిగానే వినిపించేవి. పైలట్లలో సైన్యం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. వాళ్లకు ఆ భాష బాగానే అర్థమైంది. హ్యాంగరులో గ్రీజు చేతులతో పనిచేసే మెకానిక్కుకు, ఎండలో విమానం కడుపులోకి పెట్టెలు తోసే కార్మికుడికి అంతగా ఎక్కలేదు.

పైలట్లది ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్, పొట్టిగా ఆల్పా. మెకానిక్కులది మెషినిస్టుల యూనియన్. సుమారు 5,900 మంది ఫ్లైట్ అటెండెంట్లది ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్‌లోని ఒక శాఖ. మూడూ ఒకే అమెరికన్ కార్మిక సమాఖ్య గొడుగు కిందివే. అంతమాత్రాన ఒకరి కష్టానికి ఒకరు నిలబడతారని ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణాలూ ఉన్నాయి. 1962లో ఈస్టర్న్‌లోనే ఫ్లైట్ ఇంజనీర్లు సమ్మె చేశారు. కాక్‌పిట్‌లో మూడో కుర్చీ తమదా, పైలట్ శిక్షణ ఉన్నవాళ్లదా అన్నది తగువు. పైలట్లు ఆ సమ్మెను ఆదరించలేదు సరికదా, ఖాళీ అయిన కుర్చీల్లో కూర్చున్నారు. ఇంజనీర్ల సంఘం ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. 1966లో మెషినిస్టులు ఈస్టర్న్ సహా ఐదు సంస్థల్లో 43 రోజులు విమానాలను నేల మీదే నిలిపేసినప్పుడు అది పూర్తిగా వాళ్ల సొంత పోరాటమే. గెలుపు కూడా వాళ్లదే. మిగతావాళ్లు ఆ రోజుల జీతం పోగొట్టుకుని చూస్తూ ఉండిపోయారు.

1978లో విమానయానంపై ప్రభుత్వ నియంత్రణలు ఎత్తేశాక ఈ పాత కక్షలకు కొత్త ఆజ్యం పడింది. టికెట్ ధరలను, దారులను ప్రభుత్వం నిర్ణయించినన్నాళ్లూ జీతాలు పెరిగినా ఆ భారం టికెట్ మీదకు వెళ్లేది. ఇప్పుడు తక్కువ జీతాలతో పుట్టుకొచ్చిన కొత్త కంపెనీలు తక్కువ ధరకే టికెట్ అమ్మసాగాయి. కొత్త విమానాల కోసం బోర్మన్ తెచ్చిన అప్పులు ఈస్టర్న్ మెడకు చుట్టుకున్నాయి. ఏటా యాజమాన్యం సంఘాల దగ్గరకు వచ్చి జీతాల్లో కోత అడగడం ఆనవాయితీ అయిపోయింది. 1983 చివర్లో ఒక విచిత్రమైన ఒప్పందం కుదిరింది. ఉద్యోగులు జీతాల్లో కొంత వదులుకుంటారు. బదులుగా కంపెనీలో నాలుగో వంతు వాటాలు, డైరెక్టర్ల బోర్డులో స్థానాలు పొందుతారు. మెషినిస్టుల నాయకుడు చార్లీ బ్రయన్ బోర్డు డైరెక్టరయ్యాడు. కొన్నాళ్లు ఈస్టర్న్‌ను కార్మిక భాగస్వామ్యానికి ఆదర్శంగా పత్రికలు చూపించాయి కూడా. ఆ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు.

1986 ఫిబ్రవరి రాత్రి

మూడు సంఘాల మధ్య నమ్మకం విరిగిపోయింది ఎక్కడో చెప్పమంటే 1986 ఫిబ్రవరి 23 రాత్రి జరిగిన బోర్డు సమావేశాన్ని చూపించాలి. అప్పిచ్చినవాళ్లు గడువు పెట్టారు. బోర్మన్ ముందున్న దారులు మూడే: ఖర్చు తగ్గించి కంపెనీని బాగుచేయడం, అమ్మేయడం, లేదా దివాలాకు వెళ్లడం. బాగుచేయాలంటే మూడు సంఘాలూ 20 శాతం కోతకు ఒప్పుకోవాలి. పైలట్లు ఒప్పుకున్నారు. అటెండెంట్లు ఒప్పుకున్నారు. బ్రయన్ ఒప్పుకోలేదు. చివరికి 15 శాతానికి దిగాడు కానీ, బోర్మన్ పదవి నుంచి తప్పుకోవాలన్న షరతు పెట్టాడు. బోర్డు ఆ షరతును తిప్పికొట్టి, తెల్లవారకముందే కంపెనీని లోరెంజోకు చెందిన టెక్సాస్ ఎయిర్‌కు అమ్మేసింది.

బ్రయన్ మంకుపట్టు వల్లే లోరెంజో ఇంట్లోకి వచ్చాడన్నది పైలట్ల వాదన. ఏటేటా కోతలడిగి, లాభం వచ్చినా రాకున్నా కార్మికుడి మీదే పడ్డ బోర్మన్ వల్లే ఇంతదాకా వచ్చిందన్నది మెషినిస్టుల సమాధానం. రెండింటిలోనూ నిజం ఉంది. లోరెంజో పేరు వినగానే అమెరికా విమాన కార్మికులకు ఏం జరగబోతుందో తెలుసు గనుక, చివరి గంటలో అమ్మకాన్ని ఆపే అవకాశాన్ని ఒక షరతు కోసం జారవిడవడం బ్రయన్ చేసిన పెద్ద పొరపాటనే చెప్పాలి. అంతకు ఏడాది ముందే, 1985లో, టీడబ్ల్యూఏ సంస్థను లోరెంజో కొనబోతే అక్కడి పైలట్లు, మెషినిస్టులు చేతులు కలిపి, కోతలకు కూడా ఒప్పుకుని, ఆ సంస్థను కొనడానికి పోటీపడిన కార్ల్ ఐకాన్ వైపు మొగ్గారు. లోరెంజోను ఆపారు. ఈస్టర్న్‌లో ఆ పని జరగలేదు.

ఆ తర్వాత మూడేళ్లలో ఈస్టర్న్ నుంచి విలువైనవన్నీ ఒక్కొక్కటే బయటికి వెళ్లాయి. టికెట్ల కంప్యూటర్ వ్యవస్థ సిస్టమ్ వన్‌ను మాతృసంస్థే 10 కోట్ల డాలర్ల కాగితం మీద తీసేసుకుంది. దాని అసలు విలువ అంతకు ఎన్నో రెట్లని సంఘాలు గోలపెట్టాయి. ఎయిర్‌బస్ విమానాలు కొన్ని కాంటినెంటల్‌కు తరలిపోయాయి. 1988లో కాన్సాస్ సిటీ కేంద్రాన్ని మూసేశారు. అదే ఏడాది అక్టోబరులో, ఈస్టర్న్ సొమ్ముల్లోకెల్లా మెరిసే సొమ్ము, న్యూయార్క్‌ను బోస్టన్‌తో, వాషింగ్టన్‌తో కలిపే షటిల్ సర్వీసును డొనాల్డ్ ట్రంప్‌కు 36.5 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటించారు. ఈ పంపకాల్లో ఈస్టర్న్‌కు కోట్ల డాలర్ల నష్టం జరిగిందని తర్వాత 1990లో దివాలా కోర్టు నియమించిన పరిశీలకుడే తేల్చాడు. 1988 నాటికి అంత రుజువు లేకపోయినా, రోజూ పార్కింగ్ స్టాండ్‌లో ఒక్కో విమానం తగ్గడం పైలట్లకు కంటికి కనిపిస్తూనే ఉంది. మెకానిక్కుల మీద కోపం అలాగే ఉన్నా, వాళ్లు చెప్పింది అబద్ధం కాదని మెల్లగా ఒప్పుకోవాల్సి వచ్చింది.

గడియారం తిరగడం

అమెరికాలో విమాన కార్మికులు ఇష్టమొచ్చినప్పుడు సమ్మె చేయలేరు. రైళ్ల కోసం 1926లో పుట్టి, 1936లో విమానాలకూ వర్తించిన రైల్వే లేబర్ యాక్ట్ వాళ్లను నడిపిస్తుంది. ఆ చట్టం కింద ఒప్పందం గడువు తీరినా చచ్చిపోదు. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. ప్రభుత్వ మధ్యవర్తి బోర్డు ఇక లాభం లేదని చేతులెత్తేశాక, 30 రోజుల గడువు మొదలవుతుంది. అది ముగిసిన క్షణం నుంచే సమ్మె చేయొచ్చు. మెషినిస్టుల ఒప్పందం గడువు 1987 డిసెంబరు 31న తీరింది. బోర్డు ఏడాదికి పైగా సాగదీసింది. మెషినిస్టుల నుంచి ఏటా 12.5 కోట్ల డాలర్ల మేర కోత కావాలన్నది కంపెనీ పట్టు. అందులో ఎక్కువ భారం సామాను ఎత్తేవాళ్ల మీదే. వాళ్ల పని నైపుణ్యం అక్కర్లేనిదని, బయట అంతకంటే చౌకగా మనుషులు దొరుకుతారని దాని వాదన. బ్రయన్ సంఘంలో మెకానిక్కులూ ఉన్నారు, సామాను ఎత్తేవాళ్లూ ఉన్నారు. ఒకరిని అమ్మి ఇంకొకరిని కాపాడుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. సంఘీభావం పరీక్ష పైలట్ల దగ్గరకు రాకముందే హ్యాంగరు లోపల మొదలైందన్నమాట.

1989 ఫిబ్రవరిలో గడియారం తిరగడం మొదలైంది. అధ్యక్షుడు జోక్యం చేసుకుని అత్యవసర సంఘాన్ని వేస్తే సమ్మె మరికొన్ని వారాలు వాయిదా పడేది. మధ్యవర్తి బోర్డు అదే సిఫారసు చేసింది. పదవిలోకి వచ్చి నెలన్నరైనా నిండని జార్జ్ బుష్ కాదన్నారు. వాళ్లూ వాళ్లూ తేల్చుకోనివ్వండి అన్నది ఆయన వైఖరి.

పైలట్ల ఇళ్లలో

నిజమైన చర్చ ఆ నెల రోజుల్లో పైలట్ల సమావేశాల్లో, లేఓవర్ హోటళ్లలో, భోజనాల బల్లల దగ్గర నడిచింది. పికెట్ గీత దాటుదామన్నవాళ్లకు బలమైన వాదనలే ఉన్నాయి. బ్రయన్ మూర్ఖత్వానికి మా ఉద్యోగాలెందుకు బలిపెట్టాలి? 1986లో 20 శాతం కోతకు మేం ఒప్పుకున్నాం, వాళ్లు ఒప్పుకోలేదు. పైగా లోరెంజో తెలివైనవాడు. పైలట్ల సంఘానికి విడిగా కొత్త ఒప్పందం ఆశ చూపాడు. మెకానిక్కులను ఒంటరి చేస్తే చాలు, తక్కినవాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకుంటారని కాంటినెంటల్‌లో నేర్చుకున్న పాఠం ఆయనకు గుర్తుంది.

అన్నిటికీ మించి సీనియారిటీ భయం. పైలట్ జీవితమంతా ఒక్క అంకె మీద నడుస్తుంది. కంపెనీలో చేరిన తేదీని బట్టి వచ్చే వరుస సంఖ్య అది. కెప్టెన్ కుర్చీ దొరుకుతుందా, కో-పైలట్‌గానే ఉండిపోవాలా? ఏ రకం విమానం, ఏ ఊరు బేసు, ఏ నెల ఏ దారి? పండగకు సెలవు దొరుకుతుందా? అన్నీ ఆ అంకే చెబుతుంది. అది కంపెనీ మారితే వెంట రాదు. ఇరవై ఏళ్లు ఎగిరిన కెప్టెన్ వేరే సంస్థకు వెళ్తే కొత్తగా చేరిన కుర్రాడి వెనుక, వరుసలో చిట్టచివర నిలబడాలి. అప్పటి నిబంధన ప్రకారం 60 ఏళ్లకు కాక్‌పిట్ వదలాల్సిందే. యాభై దాటిన కెప్టెన్‌కు ఈస్టర్న్ పోతే ఇంకో జీవితం లేదు. మెకానిక్కుకు లైసెన్సు ఉంటే ఇంకో హ్యాంగరులో దాదాపు అదే పని దొరుకుతుంది. కాబట్టి ఒకే సమ్మె ఇద్దరికీ ఒకే ధరకు దొరకదు. పైలట్లు వెనకాడడాన్ని పిరికితనం అనేసిన వాళ్లు ఈ లెక్క చూడలేదు.

ఆ భయానికి మరో కొసరు ఫిబ్రవరి 28న, సమ్మెకు నాలుగు రోజుల ముందు, సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. 1986లో టీడబ్ల్యూఏ ఫ్లైట్ అటెండెంట్లు ఐకాన్‌పై చేసిన సమ్మె విఫలమైంది. లోరెంజో కంటే మేలని సంఘాలు తెచ్చుకున్న ఐకానే ఆ సమ్మెకు కారకుడు కావడం వేరే కథ. సమ్మె మధ్యలో గీత దాటి పనిలోకి వెళ్లిన జూనియర్లను, చివరిదాకా నిలబడ్డ సీనియర్ల కోసం కంపెనీ కదిలించనక్కర్లేదని కోర్టు తీర్పు చెప్పింది. సమ్మె చేసేవారి చోట శాశ్వతంగా కొత్తవాళ్లను పెట్టుకోవచ్చన్న తీర్పు 1938 నుంచీ ఉంది. ఇప్పుడు సొంత సంఘంలోని జూనియర్ కూడా సీనియర్ కుర్చీలో కూర్చోవచ్చని తేలింది. ముందుగా దాటినవాడికి లాభం, చివరిదాకా ఆగినవాడికి నష్టం అని దేశపు అత్యున్నత న్యాయస్థానమే రాసిచ్చినట్టయింది.

ఇంత తెలిసీ పైలట్లు ఎందుకు ఆగారు? మొదటి కారణం కాంటినెంటల్. అక్కడ మెకానిక్కులు ఓడాకే పైలట్ల వంతు వచ్చింది. ఆ వరుస మరిచిపోయే వయసు ఎవరిదీ కాదు. ఈస్టర్న్ పైలట్ల సొంత ఒప్పందం కూడా అప్పటికే కొత్తగా రాయాల్సి ఉంది. బ్రయన్ ఓడితే లోరెంజో తర్వాత తలుపు తట్టేది తమదేనని వాళ్లకు తెలుసు. రెండో కారణం చట్టంలోని ఒక మెలిక. పైలట్ల చర్చలు ఇంకా మధ్యవర్తి బోర్డు దగ్గరే నలుగుతున్నాయి. తమ కోసం తాము సమ్మె చేసే హక్కు వాళ్లకింకా రాలేదు. అయితే మరో సంఘం చట్టబద్ధంగా పెట్టిన పికెట్ లైనును గౌరవించి ఆగిపోవడానికి దారి తెరిచే ఉంది. లోరెంజోతో తేల్చుకోవాలంటే మెకానిక్కుల సమ్మె ఒక్కటే వాళ్లకు దొరికిన అవకాశం. ఫ్లైట్ అటెండెంట్ల పరిస్థితీ ఇంచుమించు అదే. మేరీ జేన్ బ్యారీ నాయకత్వంలోని వాళ్ల శాఖ అప్పటికే కోతల బెదిరింపు కింద బతుకుతోంది.

ఇదంతా స్వార్థం కాదా అని అడిగితే, కొంత అవుననే చెప్పాలి. ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టి వీళ్లు ఏకం కాలేదు. లోరెంజో అనే ఒక్క మనిషి మీది అసహ్యం, ముగ్గురి లెక్కలూ ఒకే రోజుకు కలవడం, ఈ రెండూ కలిసి చేసిన పని అది. మూడు సంఘాల వాళ్లూ ఒకే గుండ్రటి బ్యాడ్జీ పెట్టుకున్నారు. లోరెంజోను ఆపండి అన్నది దాని నినాదం. మెకానిక్కుల కోరికల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

తెల్లవారాక

మార్చి 4 ఉదయం పికెట్ లైన్ల ముందుకు పైలట్లు యూనిఫారంలోనే వచ్చారు. వచ్చి ఆగిపోయారు. లోపలికి వెళ్లింది కొద్దిమందే. అటెండెంట్లూ అంతే. రోజుకు వెయ్యి దాకా విమానాలు నడిపే సంస్థ షటిల్‌తో పాటు మరికొన్ని దారులకే కుంచించుకుపోయింది. పైలట్ల సానుభూతి సమ్మెను ఆపమని కంపెనీ కోర్టుకెళ్లింది. కోర్టు ఆపలేదు. మెకానిక్కులు ఒంటరిగా సమ్మె చేసి ఉంటే లోరెంజో వారం రోజుల్లో సగం విమానాలైనా ఎగరేసి ఉండేవాడు. ఆయన అంచనాలను తలకిందులు చేసింది పైలట్లే. మార్చి 9న, సమ్మె మొదలైన ఆరో రోజున, ఈస్టర్న్ న్యూయార్క్‌లోని దివాలా కోర్టు మెట్లెక్కింది.

అసలైన వాదోపవాదం అప్పుడు ఈస్టర్న్ గోడలు దాటింది. మిగతా సంఘాలు ఎంతదూరం రావాలి? రైల్వే లేబర్ యాక్ట్ కింద ఉన్నవారికి ఒక విశేషమైన వెసులుబాటు ఉంది. ఫ్యాక్టరీ కార్మికుల్లా కాక, వీళ్లు తమతో తగువు లేని మరో సంస్థ ముందూ పికెటింగ్ చేయొచ్చు. రైల్వే వివాదాల్లో అలాంటి పికెటింగ్‌ను ఫెడరల్ కోర్టులు నిలిపేయడానికి వీల్లేదని 1987లో సుప్రీంకోర్టే తేల్చింది. దాన్ని ఆసరా చేసుకుని మెషినిస్టులు న్యూయార్క్ చుట్టుపక్కల లోకల్ రైళ్ల దగ్గర, లాంగ్ ఐలాండ్ రైల్ రోడ్, మెట్రో-నార్త్ లాంటి చోట్ల, పికెట్లు పెడతామన్నారు. రైలు డ్రైవర్లు ఆ గీతను గౌరవిస్తే సోమవారం ఉదయం లక్షల మంది ఆఫీసులకు వెళ్లలేరు. బుష్ వెంటనే గర్జించారు. అదే జరిగితే ఆ హక్కునే తీసేసే చట్టం తెస్తామన్నారు. న్యూయార్క్ న్యాయస్థానాలు తాత్కాలిక ఉత్తర్వులతో రైళ్లను కాపాడాయి.

కార్మిక నాయకుల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. రైళ్లు ఆపితే ప్రభుత్వం దిగిరాక తప్పదని ఒక పక్షం. ఆఫీసుకు వెళ్లే గుమాస్తా కోపం లోరెంజో మీదకు కాక సమ్మె మీదకు మళ్లుతుందని, పైగా దశాబ్దాలుగా కాపాడుకున్న హక్కు చట్టసభలో పోతుందని మరో పక్షం. చివరికి జాగ్రత్తపరులదే పైచేయి అయింది. ఆల్పా జాతీయ అధ్యక్షుడు హెన్రీ డఫీ మిగతా సంస్థల పైలట్లను నిబంధనలు అక్షరాలా పాటిస్తూ నెమ్మదిగా పనిచేయమన్నారు. కొన్ని విమానాలు ఆలస్యమయ్యాయి, అంతే. వేరే సంస్థల పైలట్లు చందా కట్టడానికి వెనకాడలేదు. వాళ్లు వేసుకున్న అదనపు చందాలతోనే ఈస్టర్న్ పైలట్ల సమ్మె భత్యం నడిచింది. తమ సొంత విమానం ఆపమంటే మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. పైగా ఈస్టర్న్ వదిలిన ప్రయాణికులంతా వాళ్ల కంపెనీలకే చేరుతున్నారు.

మెకానిక్కులకు, అటెండెంట్లకు పైలట్ల భత్యంలో కొద్ది వంతే అందింది. ప్లకార్డు ఒకటే అయినా, నెలాఖరు ఇంటి కిస్తీ ముందు అందరూ ఒకటి కాదు. మగవాళ్లు ఎక్కువగా ఉన్న రెండు సంఘాల సమ్మెగా పత్రికలు దీన్ని రాశాయి గానీ, ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న అటెండెంట్లే చేతిలో అతి తక్కువ డబ్బుతో అన్ని నెలలు ఆగారన్నది గుర్తుపెట్టుకోవాలి.

వేసవి, ఆకురాలు కాలం

ఏప్రిల్‌లో ఒక వెలుగు కనిపించింది. బేస్‌బాల్ కమిషనర్‌గా పేరు పొందిన పీటర్ యూబరాత్ 46.4 కోట్ల డాలర్లకు ఈస్టర్న్‌ను కొంటానన్నాడు. లోరెంజో పోతే చాలనుకున్న సంఘాలు ఆయనతో కోతలకు కూడా సిద్ధపడ్డాయి. అమ్మకం పూర్తయ్యేలోగా కంపెనీని ఎవరు నడపాలన్న దగ్గర బేరం చెడింది. ఆలోగా కంపెనీ లోరెంజో చేతిలో ఉండకూడదని సంఘాలు, వదలనని లోరెంజో. వారం తిరక్కుండానే అంతా కూలిపోయింది.

జులైలో లోరెంజో చిన్న ఈస్టర్న్‌ను కొత్త పైలట్లతో మళ్లీ నడపడం మొదలుపెట్టాడు. ఒక్కో కొత్త పైలట్ చేరినప్పుడల్లా ఒక్కో పాత పైలట్ కుర్చీ శాశ్వతంగా పోతోంది. ఫిబ్రవరి తీర్పు ఇప్పుడు కాగితం మీద లేదు, ప్రతి ఇంట్లో ఉంది. ఆగస్టు నాటికి వందల సంఖ్యలో పైలట్లు గీత దాటారు. ఆరు నెలల ముందు పక్కపక్కన నిలబడ్డ కెప్టెన్లు ఇప్పుడు ఒకరినొకరు చూసినా పలకరించుకోని స్థితికి వచ్చారు. దాటినవాళ్ల పేర్లు పైలట్ల లోకంలో ఏళ్ల తరబడి జాబితాలుగా తిరిగాయి. వేరే కంపెనీల్లో ఉద్యోగానికి వెళ్లిన చోటా ఆ మచ్చ వెంటాడింది.

ఇక మిగిలింది వాషింగ్టన్. సమ్మెపై విచారణ సంఘం వేయించే బిల్లును చట్టసభ రెండు సభలూ ఆమోదించాయి. నవంబరు 21న బుష్ వీటో చేశారు. మర్నాడే పైలట్లు సానుభూతి సమ్మె విరమించారు. ఆ తర్వాతి రోజు అటెండెంట్లు. బేషరతుగా పనిలోకి వస్తామన్నవాళ్లకు కంపెనీ ఖాళీలు లేవని చెప్పింది. మెషినిస్టులు మాత్రం పికెట్ లైన్ల దగ్గరే ఉండిపోయారు.

పైలట్లు వెన్నుపోటు పొడిచారని కొందరు మెకానిక్కులు అప్పుడన్నారు. ఎనిమిదిన్నర నెలలు ఇంకొకరి సమ్మె కోసం ఆగినవాళ్లను ఆ మాట అనడం సబబు కాదు. అమెరికా పైలట్ల చరిత్రలో పనివాళ్ల గీత ముందు అంతకాలం ఆగిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం. కాకపోతే ఆ ఆగడం ఎంతకాలమన్నది లోరెంజో ఎంత త్వరగా పడిపోతాడన్న లెక్క మీద నిలిచింది. ఆయన పడకపోయేసరికి అది కూడా నిలవలేదు.

ఆయన పడ్డాడు కూడా, కాస్త ఆలస్యంగా. 1990 ఏప్రిల్‌లో దివాలా న్యాయమూర్తి బర్టన్ లిఫ్లాండ్ ఈస్టర్న్‌ను లోరెంజో చేతుల్లోంచి తీసి ట్రస్టీగా మార్టిన్ షుగ్రూకు అప్పగించారు. జులైలో విమానాల మరమ్మతు రికార్డులను తారుమారు చేశారన్న అభియోగాలు ఈస్టర్న్‌పైనా, దాని మేనేజర్లు కొందరిపైనా నమోదయ్యాయి. మెకానిక్కులు ఎప్పటినుంచో చెబుతున్న సంగతే అది. ఆగస్టులో లోరెంజో తన వాటా అమ్ముకుని వెళ్లిపోయాడు. మరో విమాన సంస్థ పెట్టడానికి దరఖాస్తు చేస్తే 1994లో ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. ఆయన లేని ఈస్టర్న్ కూడా బతకలేదు. మాంద్యం, గల్ఫ్ యుద్ధంతో పెరిగిన ఇంధనం ధర, ఖాళీ సీట్లు కలిసి 1991 జనవరి 18న దాని విమానాలను శాశ్వతంగా దించేశాయి. ఇరాక్‌పై బాంబుల వర్షం మొదలై అప్పటికి రెండు రోజులే. మెషినిస్టుల సమ్మె ఆ రోజుతోనే ముగిసింది. తిరిగి వెళ్లడానికి కంపెనీయే లేదు.

వచ్చే భాగంలో కథ ఉత్తరానికి, మినియాపోలిస్‌కు వెళ్తుంది. 2005 ఆగస్టు 20న నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మెకానిక్కులు సమ్మెకు దిగారు. వాళ్లు అప్పటికే మెషినిస్టుల యూనియన్‌ను వదిలి వేరే సంఘంలో చేరినవాళ్లు. మెషినిస్టులు ఆ గీత దాటారు. పైలట్లు దాటారు. ఫ్లైట్ అటెండెంట్లు చర్చించి, ఓటేసి, దాటారు. ఎవరి వాదన ఏమిటో, ఎవరికి ఏం మిగిలిందో వచ్చే వారం.